నాలుగో స్తంభం అడిగిన తల

కొత్త చెప్పులు కరవడం వెనక పెద్ద కుట్ర ఉందని హజరత్తయ్య గట్టి నమ్మకం. చెప్పుల షాపువాడూ, పక్కన మందుల షాపువాడూ వియ్యంకులు కావడం ఊరికే జరిగింది కాదనీ, ఒకడు కరిపిస్తే ఇంకొకడు దూది అమ్ముకుంటాడనీ, ఈ సంగతి తెలిసి కూడా వీధి వీధంతా నోరు మూసుకుని కుంటుతోందనీ ఆయన వారం రోజులుగా భార్య ప్రమీలమ్మకు చెబుతున్నాడు.

"ధర తగ్గించినాడని ఒక సైజు చిన్నవి కొనుక్కొచ్చుకున్నారు, అంతేగా," అని ఆవిడ తేల్చేసింది.

మరీ ఇంత సాదా కారణం నిజమై ఉండదని డిటెక్టివ్‌గా ఆయన అనుభవం.

ఆ చెప్పులతోనే గుడ్‌ఫ్రైడే నాడు మిట్టమధ్యాహ్నం ఉప్పేటిపాళెం ఇసకలో కుంటుకుంటూ నడుస్తున్నాడు. ఒక చేతిలో గొడుగు, రెండో చేతిలో గోనెసంచి. సంచిలో గూడూరులో బస్సు మారుతూ కొన్న నిమ్మకాయలు. హత్యకేసు మీద అంత దూరం పోయి ఉత్త చేతులతో తిరిగొస్తే ఇరుగుపొరుగు ఏమనుకుంటారని ప్రమీలమ్మ బాధ.

పక్కన నడుస్తున్న ఎలిశబెతుకు ఇట్లాంటి బాధలు పడే తీరిక లేదు. ఆమె భర్త ఆనందబాబును బుధవారం పొద్దుగూకేవేళ ఈ పాళెంలోనే చంపారు. మర్నాడు గూడూరు ఆస్పత్రిలో ముఖం చూసి గుర్తుపట్టమంటే ఆమె చెయ్యి చూసి గుర్తుపట్టింది. ముఖమని చెప్పుకోదగ్గది మిగల్లేదు. అక్కణ్నుంచి నేరుగా నెల్లూరు వచ్చి హజరత్తయ్య ఇంటి తలుపు కొట్టింది.

ఆనందబాబు మద్రాసులో ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం లెక్చరరు. జనం లేనిపోని కుట్రల్ని ఎందుకు నమ్ముతారు, ఒక పుకారు ఏ నోట పుట్టి ఏ నోటికి పోతుంది, ఇదీ ఆయన పరిశోధన. ఉప్పుటేటి మీద కొత్త వంతెన కడుతున్నారని, దానితోపాటు కొత్త పుకారు ఒకటి లేచిందని తెలిసి ఈ తీరానికి వచ్చాడు. నాలుగో స్తంభం పడిపోయిందట, మళ్లీ నిలవాలంటే నరబలి కావాలట. గోనెసంచి భుజాన వేసుకుని తలకాయలోడొకడు తిరుగుతున్నాడట. పిల్లల తలలు కోసుకుపోయి పునాదిలో వేస్తారట. ఇంటింటికీ పోయి ఆ తలకాయలోడి గురించే అడిగే కొత్తమనిషికంటే తలకాయలోడి వేషానికి తగినవాడు ఎవడు దొరుకుతాడు? పాళెం జనం తెడ్లతో కొట్టి చంపారు. పోలీసుల లెక్కలో కేసు అక్కడితో సరి.

"మీ ఆయన జనాన్ని ఏమని అడిగేవారమ్మా?" అన్నాడు హజరత్తయ్య.

"రెండే ప్రశ్నలండీ. ఎవరు చెప్పారు? ఎప్పుడు విన్నావు? నిజమా అని మాత్రం అడిగేవారు కాదు. నిజమా అంటే పోట్లాడతారు, ఎప్పుడంటే గుర్తు తెచ్చుకుంటారు అనేవారు." ఆమె నాలుగడుగులు నడిచింది. "ఇంట్లోనూ అంతే. పక్కింటావిడ నన్ను ఏదో అన్నదటండీ అని ఏడిస్తే, ఎప్పుడు విన్నావు అనేవారు."

నవ్వబోయి మానుకుంది.

"నమ్మినవాళ్ల చేత ఆ నమ్మకం మాన్పించేది ఎట్లాగో కనిపెట్టినారా?"

"వివరం చెబితే మానరటండీ. భయపడ్డవాడికి వివరం అక్కర్లేదు, ఒక మనిషి కావాలి. ఇంకో మనిషిని చూపిస్తే ఈ మనిషిని వదిలేస్తారు. అందుకే ఆ పని ఎప్పుడూ చెయ్యకూడదనేవారు."

హజరత్తయ్య బొటనవేలు చూసుకున్నాడు. చెప్పుల షాపువాడి వియ్యంకుణ్ని తాత్కాలికంగా క్షమించాడు.

పాళెం చివర వలల కొట్టం ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఒక్క మగవాడూ సముద్రం మీదికి పోలేదు. పడవల్లో ఉండాల్సిన తెడ్లు చేతుల్లో ఉన్నాయి. వాళ్ల మధ్య తెల్ల ప్యాంటు, కాన్వాసు బూట్లు వేసుకుని, పెళ్లి భోజనాల దగ్గర ఆడపెళ్లివారి పెద్దమనిషిలా అందరినీ పలకరిస్తూ తిరుగుతున్నాడు వంతెన కాంట్రాక్టరు చెంచురామయ్య.

"రండి రండి. ఇన్‌స్పెక్టరుగారి జీపు మరమ్మతులో ఉండాదని నా జీపులోనే తీసుకొచ్చినా. ఇద్దరు కానిస్టేబుళ్లు కూడా వచ్చినారు." ఎలిశబెతు వైపు తిరిగి చేతులు జోడించాడు. "చెల్లెమ్మా, ఏం చేస్తాం? అజ్ఞానం. చదువు లేదు వీళ్లకి. మజ్జిగ పుచ్చుకుంటారా?"

ఆమె అక్కర్లేదంది. హజరత్తయ్యను ఎవరూ అడగలేదు. ఆయనకు దాహంగా ఉంది.

కొట్టం తలుపుకు చెయ్యి వెయ్యబోతుంటే లోపల్నుంచి బెల్టు దెబ్బ చప్పుడు, వెంటనే మనిషి అరుపు. జనంలో తెడ్లు కదిలాయి.

లోపల నడి గుంజకు చేతులు వెనక్కి పెట్టి బేడీలు వేసి కట్టేసిన మనిషి చిన్నపోలయ్య, పాళెం పెద్ద. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. నోట్లోంచి కారిన రక్తం గడ్డం మీదుగా గుండెల మీద చారలు కట్టింది. ఎదురుగా బెల్టు పిడికిటికి చుట్టుకుని సర్కిల్ ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్య. చెమటకు చొక్కా వీపుకంటుకుపోయి ఉంది. కష్టపడి పనిచేసే మనిషి.

"జారిపడ్డాడు," అన్నాడు పద్మనాభయ్య, ఎవరూ అడక్కముందే.

"మనిషా, పళ్లా?"

"ఏమయ్యా హజరత్తయ్యా, నెల్లూరులో లేచిపోయిన పెళ్లాల్ని వెతికే పని అయిపోయిందా?"

"ఎక్కడండీ. మధ్యలో మీ స్టేషను వాకిట్లో పోయిన మీ సైకిలు వెతకాల్సి వచ్చె. దాంతో కొన్ని పెళ్లాలు పెండింగులో పడిపోయినాయి."

పద్మనాభయ్యకు ఆ సైకిలు సంగతి ఎత్తితే ఒళ్లు మండుతుంది. బూటు కాలితో చిన్నపోలయ్య మోకాలి మీద తన్నాడు. మోకాలు చేసిన తప్పేమీ లేదు, దగ్గరగా ఉంది.

"సాయంత్రంలోగా వీడు సంతకం పెడతాడు. పాళెమంతా కలిసి కొట్టినాం, నా మాట మీదే కొట్టినాం అని. లేకుంటే గూడూరు తీసుకుపోయి మిగతా పళ్లు కూడా తీసి పెట్టిస్తా. కేసు అయిపోయింది. నీకు చూడాల్సిందేమన్నా ఉంటే చూసుకుని దారి పట్టు."

అంటూ రెండడుగులు వేసి, గుట్టగా పరిచి ఉన్న వలల మీదికి ఎక్కాడు.

"అయ్యో, బూట్లు!"

గుమ్మంలోంచి కేక. నీళ్లచెంబు పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి మస్తానమ్మ, చిన్నపోలయ్య భార్య. మొగుణ్ని తన్నినప్పుడు పళ్లు బిగించి ఊరుకున్న మనిషి ఇప్పుడు ఊరుకోలేకపోయింది. "వల మీద బూట్లెయ్యొద్దు సామీ! కూడు పెట్టే తల్లి!"

"ఇక్కడే మనిషిని చంపి, బూట్లకు ఏడుస్తారా!"

హజరత్తయ్య మాత్రం వెంటనే చెప్పులు విప్పి గుమ్మం బయట పెట్టాడు. ఆ ఆచారాన్ని అంత ఆనందంగా పాటించినవాడు ఆ తీరంలో ఇంకొకడు ఉండడు. నిమ్మకాయల సంచి గుమ్మం లోపల ఆనించి, చిన్నపోలయ్య ముందు గొంతుక్కూచున్నాడు.

"కొట్టినావా?"

"కొట్టినా సామీ."

"ముందు ఎవరు?"

"నేనే. పాళెం పెద్దను గదా. నేను ముందు కొట్టకపోతే మర్యాదగా ఉండదు."

"ఆయన ఏం చేస్తున్నాడప్పుడు?"

"వల మీద పడుకోనుండాడు, మొగం అటు పెట్టుకోని. తలకాయలోడు కొట్టంలో దూరినాడని కేకలేస్తే అందరం తెడ్లు తీసుకోని వచ్చినాం. నేను కాలి మీద ఏసినా. ఎముక ఇరిగిన సప్పుడు నాకే ఇనపడింది. అరవలా. ఇంకోడు నడుం మీద ఏసినాడు. అరవలా. మొగం మీద ఏస్తే చెయ్యన్నా అడ్డం పెట్టలా. ఏందిరా ఇంత మొండోడు, మంత్రగాడే ఈడు అనుకోని ఇంకా గట్టిగా కొట్టినాం. తెడ్లు ఇరిగిందాకా."

ఎలిశబెతు గోడ వైపు తిరిగి తాటాకులు చూస్తూ నిలబడింది. వినడం మాత్రం మానలేదు.

"ఇందాక ఇన్‌స్పెక్టరుగారు కొడితే నువ్వు అరిచినావా?"

"అరవకుండా ఎట్టా సామీ?"

"నువ్వు మొండివాడివేనా?"

"పాళెంలో నాకంటే మొండోడు లేడు."

హజరత్తయ్య లేచాడు. "వింటున్నారా ఇన్‌స్పెక్టరుగారూ? సముద్రంలో బతికే మొండివాడు బెల్టుకు అరిచినాడు. జలుబు చేస్తే సెలవు పెట్టే లెక్చరరు కాలెముక విరిగితే అరవలా. అప్పటికే చచ్చినవాణ్ని కొట్టినారండీ వీళ్లు."

"స్పృహ తప్పి ఉంటాడు."

"దేనికి తప్పింది, వీళ్లు ఇంకా కొట్టకముందే?"

"ఎండదెబ్బ!"

పొద్దుగూకేవేళ ఎండదెబ్బ. పద్మనాభయ్యకు కూడా అది అంత బాగా అనిపించలేదు. బెల్టు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"అమ్మా," అని పిలిచాడు హజరత్తయ్య. "ఆస్పత్రిలో తల వెనక చూసినారా?"

ఎలిశబెతు వెనక్కి తిరగలేదు. "గుంట ఉందండీ. బొటనవేలు పట్టేంత. లోతుగా."

"తెడ్డు ఎంత వెడల్పుంటుంది పోలయ్యా?"

చిన్నపోలయ్య చేతులు చాపబోయి, బేడీలు గుర్తొచ్చి ఆగిపోయాడు. చెప్పనక్కర్లేదు, విరిగిన తెడ్లు మూలనే పడి ఉన్నాయి. ఒక్కొక్కటి అరిటాకంత వెడల్పు. వాటితో మనిషిని పచ్చడి చెయ్యొచ్చు గాని బొటనవేలంత గుంట పెట్టడం కుదరదు. దానికి గునపం కావాలి. చేపలు పట్టేవాళ్లకు గునపంతో పనేముంది?

హజరత్తయ్య వలగుట్ట చుట్టూ తిరిగాడు. పైమడత మీద రక్తం చిమ్మి ఎండింది. దాన్ని ఎత్తితే కింద మడతలో రక్తం మడుగు కట్టి, నల్లగా గట్టిపడి, వల దారాలన్నీ ఒకటై అట్టముక్కలా లేచింది. అంత రక్తం పైమడత వెయ్యకముందు కారింది. ఎవరో చంపి, నెత్తురు కనపడకుండా మడత వేసి, మనిషిని దాని మీద పడుకోబెట్టి పోయారు. ఆ తర్వాతే పాళెం వచ్చింది, మర్యాదగా, పెద్ద ముందు నడవగా.

ఆ నల్లటి అట్ట అంచున, వల కళ్లలో ఇరుక్కుని, బూడిదరంగు ముద్ద ఒకటి ఉంది. గోటితో గీస్తే గీత పడలేదు. ఒక వైపు నున్నగా ఉంది. రెండో వైపు వంకర టింకర చారలు. రబ్బరు మడమ అచ్చు.

"మస్తానమ్మా, మీలో ఎవరన్నా వల మీద చెప్పులతో ఎక్కుతారా?"

"ఎక్కితే ఆ వలకి చేప పడదు సామీ. మా మామ సచ్చినప్పుడు పాడె మోసినోళ్లు కూడా చెప్పులిడిసే ఈ కొట్టం దాటినారు."

"మొన్న బుధవారం?"

"బుధవారమైనా అంతే."

"మనిషిని చంపేదానికి వచ్చినప్పుడు కూడా?"

ఆమె ఆయన వైపు జాలిగా చూసింది. "చంపేదానికి చెప్పులెందుకు సామీ?"

పద్మనాభయ్య తన బూట్ల వైపు చూసుకుని, ఎవరూ గమనించడం లేదన్నట్టు వల మీంచి మెల్లగా దిగాడు. ఆయన బూట్లకు ఇనప మేకులు. చారలు లేవు.

"సరే పోలయ్యా, నాలుగో స్తంభం తల అడుగుతున్నదని నీకెవరు చెప్పినారు?"

"అందరూ."

"అందరికీ ఎవరు చెప్పినారు?"

"అందరూ."

హజరత్తయ్య సొంత వీధిలో కూడా ఇదే వరస కాబట్టి ఆశ్చర్యపోలేదు. మస్తానమ్మ మాత్రం చెంబు కింద పెట్టింది.

"ఆ మాట పాళేనికి తెచ్చింది నేనే సామీ."

"ఎప్పుడు విన్నావు?"

"లెక్చరరుగారూ ఇదే అడిగినారు, బుధవారం పొద్దున. చెప్తే ఇంటానే లేచిపోయినారు. నీళ్లిస్తే నీళ్లు కూడా తాగలా." ఆమె చెంబు వైపు చూసింది. "మట్టలాదివారం నాడు సామీ, పోయిన ఆదివారమే. కిరస్తానపోళ్ల గుడి వాకిట్లో ఎండురొయ్యలమ్ముకుంటావుండా. గుడి ఇడిసినారు. అందరూ ఈతమట్టలు పట్టుకోని బయటికొస్తావుండారు. అప్పుడు చెప్పినారు. ‘నాలుగో స్తంభం పడిపోయింది తల్లీ, అమ్మోరు తల అడుగుతావుండాది, బిడ్డల్ని జాగర్తగా పెట్టుకోండి’ అని. గంప నెత్తినెత్తుకోని పరిగెత్తుకుంటా వచ్చి అందరికీ చెప్పినా."

"నాలుగోదనే చెప్పినారా?"

"నాలుగోదనే."

"మట్టలాదివారం నాడే?"

"మట్టలు నేను కళ్లారా చూస్తావుంటే!"

హజరత్తయ్య పద్మనాభయ్య వైపు తిరిగాడు. గొంతు చాలా వినయంగా మారింది. తెలిసినవాళ్లు ఆ వినయానికి భయపడతారు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఆ నాలుగో స్తంభం పడింది ఎప్పుడో మీకేమన్నా తెలుసా? నాకెవరూ సరిగ్గా చెప్పడం లేదు."

"ఎవరో ఎందుకు? నేనే పోయి చూసినా. మంగళవారం సాయంత్రం. ఒక కూలివాడి కాలు నుజ్జయింది. వాడి వాఙ్మూలం నేనే తీసుకున్నా. బుధవారం పెద్ద ఇంజినీరు తనిఖీకి రావాల్సి ఉండె, పాపం చెంచురామయ్యకు ఒక రోజు ముందే కూలిపోయె."

"ఆదివారం కాదు గదా?"

"మంగళవారమయ్యా! నీ మాదిరి గాలికబుర్లా నావి? మంగళవారం!"

"మట్టలాదివారం తర్వాత వచ్చిన మంగళవారమేనా?"

"అవును మరి, అంతకుముందు..." అని పద్మనాభయ్య ఆగిపోయాడు. నోరు మాత్రం తెరిచే ఉంది.

"తాత పోకముందే కర్మాంతరం సెలవుకు అర్జీ పెట్టుకునే గుమాస్తాలను చూసినానండీ," అన్నాడు హజరత్తయ్య. "మన మధ్యతరగతివాళ్ల అలవాటే అది. పని చెయ్యకముందే సాకు సిద్ధం చేసుకుంటాం. ఇక్కడ కూడా అంతే. స్తంభంలో సిమెంటుకు బదులు ఇసక పోసినారు. ఇంజినీరు చూస్తే కొంప మునుగుతుంది. చూడకముందే పడగొట్టాలి, పడితే అమ్మవారు అడిగిందనాలి. తొందరలో సాకు ఆదివారం చెప్పేసినారు, స్తంభం మంగళవారం పడింది. ఆనందబాబుగారు ఆ రెండు ప్రశ్నలే పట్టుకుని, మర్యాదగా, సరాసరి ఆ మనిషి దగ్గరికే పోయినారు. ఎవరు చెప్పారండీ, ఎప్పుడు విన్నారండీ అని."

అరచేతిలో ముద్ద చాపాడు.

"వంతెనలో కనపడని సిమెంటు ఈ వలలో కనపడింది చూడండి. కూలివాళ్లవి ఉత్త కాళ్లు. ఈ చారలు ఎవరి బూటువో..."

మస్తానమ్మ తలుపు సందులోంచి బయటికి చూస్తోంది. ముఖం పాలిపోయింది.

"బిడ్డల మీద దయతో చెప్తావుండాడనుకున్నా సామీ. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు." వేలు చాపింది. "ఆయనే. చెంచురామయ్యగారు. బుధవారం సందేళ కొట్టంలో తలకాయలోడు దూరినాడని కేకేసిందీ ఆయన మనుషులే."

అదే సమయానికి బయట జీపు స్టార్టయింది. పద్మనాభయ్య గుమ్మంలోకి ఒక్క దూకు దూకాడు. చెంచురామయ్య డ్రైవరు తోలుతుంటే జీపు గూడూరు దారిన దుమ్ము లేపుకుంటూ పోతోంది. వెనక సీట్లో కానిస్టేబుళ్లిద్దరూ మజ్జిగ గ్లాసులతో కూచుని ఉన్నారు. చెంచురామయ్య మాత్రం జీపులో లేడు. జనం మధ్యలో, తిరగేసిన పడవ మీద నిలబడి ఉన్నాడు.

"చూసినారా!" అని అరుస్తున్నాడు. మజ్జిగ ఇచ్చిన గొంతు కాదు. "చచ్చినోడు జతగాడు మాత్రమే! అసలోడు ఇప్పుడొచ్చినాడు! గోనెసంచితో వచ్చినాడా లేదా? పోలీసులకు లంచమిచ్చి పంపించేసినాడు చూడండి! మీ పోలయ్య తల తీసుకుపోయేదానికి లోపల కూచోనుండాడు!"

"చిన్నపోలయ్యను వదలండి!" అని ఒక గొంతు. "సంచోణ్ని మాకియ్యండి!" అని వంద గొంతులు.

"నేను చెప్తా," అని మస్తానమ్మ వాళ్లను తోసుకుని బయటికి పరిగెత్తింది. హడావుడిలో ఆమె కాలు సంచికి తగిలింది. నిమ్మకాయలు దొర్లుకుంటూ గుమ్మం దాటి ఇసకలోకి పోయాయి, పచ్చగా, గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటి.

జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గారు.

"ఆయన మంచోడురా!" అని అరిచింది మస్తానమ్మ. "తలకాయలోడు లేడు, ఏమీ లేడు! నాకు అబద్ధం చెప్పి..."

"నిమ్మకాయ తిప్పేసినారు మస్తానమ్మకి!" అన్నాడు చెంచురామయ్య. "చూడండి ఎట్టా మాట్లాడతావుండాదో! పొద్దున ఇట్టా మాట్లాడిందా?"

పొద్దున అట్లా మాట్లాడలేదన్నది నిజమే. ఇద్దరు ఆడవాళ్లు ఆమె జుట్టు పట్టి ఈడ్చారు, ఆమె మంచికే. ఆమె కొరికింది. ఒకడు తెడ్డు కర్రతో వీపు మీద ఒక్కటి వేస్తే ఇసకలో బోర్లా పడింది. దయ్యం దిగడానికి నెత్తిన సముద్రపు నీళ్లు కుమ్మరించారు.

పద్మనాభయ్య రివాల్వరు తీశాడు. ఆయన మొరటువాడే గాని పిరికివాడు కాదు. గుమ్మంలో నిలబడి గాల్లోకి ఒకటి పేల్చి, "కదిలితే కాల్చేస్తా నా కొడకల్లారా!" అన్నాడు. తెడ్డు ఒకటి గిరగిరా తిరుగుతూ వచ్చి ఆయన చెవి మీద తగిలింది. పుచ్చకాయ పగిలిన చప్పుడైంది. రివాల్వరు బయట ఇసకలో పడింది, ఇన్‌స్పెక్టరు లోపల వల మీద పడ్డాడు, బూట్లతో సహా. హజరత్తయ్య ఆయన్ను కాళ్లు పట్టి లోపలికి లాగి, తడిక తలుపు మూసి, గడియ పెట్టాడు.

రాళ్లు మొదలయ్యాయి. తాటాకు కప్పు లోంచి ఒక రాయి దూసుకొచ్చి హజరత్తయ్య భుజం మీద పడింది. చెయ్యి మొద్దుబారింది. ఎలిశబెతు పమిట చింపి పద్మనాభయ్య చెవికి అదిమిపెట్టింది. గుడ్డ ఎర్రబడుతూనే ఉంది.

బయట చెంచురామయ్య ఏదో పైకెత్తి చూపిస్తున్నాడు. హజరత్తయ్య సందులోంచి చూశాడు. అవి తన చెప్పులు.

"ఈ చెప్పులు చూడండి! ఎంత చిన్నవో! ఆ మనిషి కాళ్లకు పట్టేవేనా ఇవి? ఎవర్ని చంపి తీసుకున్నాడో, ఏ తల్లి కన్నబిడ్డో!"

జనం హోరెత్తారు. హజరత్తయ్య ఇన్నేళ్ల వృత్తిలో ఎన్నో సాక్ష్యాలు చూశాడు గాని, ఇంత బలమైనది చూడలేదు. ప్రమీలమ్మ మాట నిజమని జీవితంలో మొదటిసారి ఒప్పుకున్నాడు.

తలుపు మీద మొదటి తెడ్డు పడింది. గడియ వంగింది.

"సామీ," అన్నాడు చిన్నపోలయ్య గుంజ దగ్గర్నుంచి. నోటి నిండా రక్తం, మాట ముద్దగా వస్తోంది. "నా గొంతు పోయింది, అరవలేను. నువ్వు అరువు. సిమెంటు గిమెంటు చెప్పబాక, ఇనరు. ‘చెంచురామయ్యే తలకాయలోడు, ఆయన బూట్లిప్పి చూడండి, నెత్తురుండాది’ అను. అంతే. మావోళ్లు నాకు తెలుసు. ఒక్క మాటకి అటు తిరుగుతారు."

"తిరిగి?"

"తిరిగితే ఇంకేముంది సామీ." చిన్నపోలయ్య విరిగిన తెడ్ల వైపు చూశాడు.

హజరత్తయ్య ఎలిశబెతు వైపు చూశాడు. ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఆయన్ని అడిగితే ఏమనేవారో నాకు తెలుసు," అంది. "నన్ను అడిగితే నేనేమంటానో కూడా తెలుసు. రెండూ ఒకటి కాదండీ. దయచేసి నన్ను అడక్కండి."

రెండో దెబ్బకు తడికలో చెయ్యి పట్టేంత కంత పడింది. కంతలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి గడియ కోసం తడుముతోంది. హజరత్తయ్య నోరు తెరిచాడు.

చదువుతున్న అయ్యలారా, అమ్మలారా, ఆయన నోరు తెరుచుకునే ఉంది. అందులోంచి ఏం రావాలో తోచక నేను ఇక్కడే ఆగిపోయాను. నిజం చెప్పాలంటే సిమెంటు దగ్గర మొదలుపెట్టి, మట్టలాదివారం మీదుగా, మంగళవారం దాకా రావాలి. వినేవాళ్లు కూచుని, మజ్జిగ తాగి, తల ఊపాలి. అబద్ధానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరితో లోపలున్న నలుగురూ బతుకుతారు, బయట ఒకడు చస్తాడు. వాడు హంతకుడే. కానీ చేసిన హత్యకు చావడు, లేని తలకాయలోడి పేరు మీద చస్తాడు. రేపు పొద్దున పాళెం మళ్లీ ఇంకో సంచి కోసం దారి కాస్తుంది. పోనీ నోరు మూసుకుందామా అంటే, ఆ విధవరాలు అక్కడుంది, ఆ గుంజకు కట్టేసిన మనిషి అక్కడున్నాడు, వాళ్లు చేసిన పాపమేముంది?

మీరు నాలుగూ చదివినవాళ్లు, నలుగురిలో తిరిగేవాళ్లు. మీకు కాళ్లు మొక్కుతాను, ఏమని అరవమంటారో ఒక్క ముక్క చెప్పండి. ఆలోచించి చెబుతామనకండి. ఆ చెయ్యి గడియను పట్టుకుంది, గడియ వెదురుది.